కృష్ణబిలంలో పడడం అంత తేలిక కాదు

పిల్లలూ! కృష్ణబిలం అనగానే మీకేం గుర్తుకొస్తుంది? ఏ తరగతిలో ఈ ప్రశ్న వేసినా నాకు వచ్చే జవాబు ఒకటే: "దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ మింగేస్తుంది సార్!" కొంచెం ఎక్కువ చదివినవాళ్లయితే, "కాంతిని కూడా బయటికి పోనివ్వదు సార్" అని కలుపుతారు. అక్కడితో ఆ పాఠం అయిపోతుంది. పరీక్షలో రెండు మార్కులూ వచ్చేస్తాయి.

ఈ జవాబులో రెండో సగం నిజమే. మొదటి సగం మాత్రం సైన్సు కంటే కథల్లోని రాక్షసుడికే ఎక్కువ దగ్గర. బకాసురుడు బండెడు అన్నం మింగినట్టు కృష్ణబిలం నక్షత్రాలను మింగుతుందని అనుకోవడంలో ఒక తమాషా ఉంది, కాదనను. కానీ ఆ తమాషా దగ్గరే ఆగిపోతే, దాని వెనక ఉన్న అసలు సంగతి మనకు కనపడదు. ఆ సంగతి ఏమిటంటే, కృష్ణబిలంలో పడడం చాలా కష్టం. ఆ కష్టం వల్లనే విశ్వంలోకెల్లా గొప్ప వెలుగులు పుడుతున్నాయి. అందుకే 'మింగేస్తుంది' అన్న మాటను పాఠాలు చెప్పే మేమూ, పాఠాలు వినే మీరూ పక్కన పెట్టాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. మీ తొమ్మిది, పది తరగతుల భౌతికశాస్త్రం చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

భయం ఎక్కడ పుడుతుంది?

వింతను వింతగానే వదిలేస్తే వచ్చే నష్టం చిన్నది కాదు. మీ తాతయ్యలనూ నాయనమ్మలనూ 'స్కైలాబ్' గురించి అడిగి చూడండి. అది అమెరికావాళ్లు 1973లో అంతరిక్షంలోకి పంపిన పెద్ద ప్రయోగశాల. బరువు 70 టన్నులకు పైనే. 1979లో అది భూమి మీద పడబోతున్నదని వార్త వచ్చింది. మన తెలుగు పల్లెల్లో చాలాచోట్ల జనం హడలిపోయారు. ఇక బతికేది నాలుగు రోజులే కదా అని మేకలనూ కోళ్లనూ కోసుకుని తిన్నవాళ్లున్నారు. ఉన్నదంతా ఖర్చు పెట్టేసినవాళ్లున్నారు. 1979 జూలై 11న అది ముక్కలై, కొంత హిందూ మహాసముద్రంలోనూ కొంత ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలోనూ పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఖర్చయిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

సరే, అది పాతకాలం అనుకుందాం. 2008 సెప్టెంబరు 10న జెనీవా దగ్గర భూమి లోపల కట్టిన పెద్ద కణ త్వరణ యంత్రాన్ని ప్రారంభించారు. అందులో చిన్న కృష్ణబిలం పుట్టి భూమిని మింగేస్తుందని మన దేశంలో కొన్ని టీవీ చానళ్లు గగ్గోలు పెట్టాయి. ఎంతోమంది, ముఖ్యంగా పిల్లలు, నిజంగానే భయపడ్డారు. యంత్రం నడిచింది, భూమి ఎక్కడున్నది అక్కడే ఉంది. 1979కీ 2008కీ మధ్య దాదాపు 30 ఏళ్లు గడిచాయి. బడులు పెరిగాయి, చదువుకున్నవాళ్లు పెరిగారు, భయం మాత్రం తగ్గలేదు. ఎందుకంటే మనం వింతల పేర్లు నేర్చుకున్నాం గాని, అవి ఎలా నడుస్తాయో నేర్చుకోలేదు.

స్కైలాబ్ సంగతి మనకు ఇంకోసారి పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

దూరంగా ఉంటే ఏమవుతుంది?

మొదట ఒక అపోహ తొలగించుకుందాం. కృష్ణబిలానికి ప్రత్యేకమైన 'పీల్చే శక్తి' ఏదీ లేదు. ఉన్నదల్లా గురుత్వాకర్షణే. అది ద్రవ్యరాశి మీదా దూరం మీదా ఆధారపడుతుందని న్యూటన్ పాఠంలో చదువుకున్నారు. మన సూర్యుణ్ణి తీసేసి, సరిగ్గా అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలాన్ని అక్కడ పెట్టామనుకోండి. (సూర్యుడు తనంతట తాను ఎప్పటికీ కృష్ణబిలం కాలేడు, అంత బరువు అతనికి లేదు. ఇది ఊహ మాత్రమే.) అప్పుడు భూమి ఏమవుతుంది? వెలుగూ వేడీ లేక గడ్డ కట్టుకుపోతుంది. కానీ దారి తప్పదు. ఇప్పుడు తిరుగుతున్నట్టే 365 రోజులకు ఒకసారి తిరుగుతూనే ఉంటుంది. ద్రవ్యరాశి మారలేదు, దూరం మారలేదు, కాబట్టి ఆకర్షణ కూడా మారదు.

మరి తేడా ఎక్కడ? దగ్గరికి వెళ్లడంలో. సూర్యుడి వ్యాసార్ధం సుమారు 7 లక్షల కిలోమీటర్లు. అంతకంటే దగ్గరికి వెళ్లాలంటే సూర్యుడి లోపలికే వెళ్లాలి. అదే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం అంచు కేంద్రానికి 3 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. కాబట్టి అంత దగ్గరిదాకా పోవచ్చు. ఆకర్షణ దూరపు వర్గానికి విలోమంగా ఉంటుంది కదా, దగ్గరికి పోయేకొద్దీ అది విపరీతంగా పెరుగుతుంది. కృష్ణబిలం గొప్పతనమంతా ఈ 'దగ్గరితనం'లోనే ఉంది.

ఎందుకు పడదు?

ఇప్పుడు ఒక నక్షత్రం పక్కనే కృష్ణబిలం ఉందనుకుందాం. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. హంస నక్షత్ర మండలంలో ఉన్న 'సిగ్నస్ ఎక్స్-1' అలాంటిదే. అక్కడ సూర్యుడి కంటే ఎన్నో రెట్లు బరువైన నక్షత్రమూ ఒక కృష్ణబిలమూ 5.6 రోజులకు ఒకసారి చుట్టు తిరుగుతుంటాయి. ఆ నక్షత్రం నుంచి వాయువు కొంత కృష్ణబిలం వైపు పోతుంటుంది. ఆ వాయువు నిటారుగా వెళ్లి బిలంలో పడిపోతుందా?

పడదు. నక్షత్రంతో పాటు అది కూడా తిరుగుతూనే ఉంది కాబట్టి, పక్కకు పోయే వేగం దానికి ముందే ఉంది. జొన్నచేలో మంచె మీద నుంచి పిట్టలను తోలడానికి వాడే వడిసెల మీలో కొందరైనా చూసి ఉంటారు. రాయి ఎంత గట్టిగా లాగుతున్నా చేతిలోకి వచ్చి పడదు, చుట్టూ తిరుగుతుంది. వాయువు సంగతీ అంతే.

ఒక చిన్న ప్రయోగం చేయండి. రీఫిల్ తీసేసి, రెండు వైపులా తెరిచి ఉన్న పెన్ను గొట్టంలోంచి ఒక గట్టి దారం దూర్చండి. పై కొసకు ఒక రబ్బరు ముక్క కట్టండి. గొట్టం పట్టుకుని రబ్బరును తల మీద గుండ్రంగా తిప్పండి. (దగ్గర్లో ఎవరూ లేకుండా చూసుకోండి.) తిరుగుతుండగా రెండో చేత్తో కింది దారాన్ని మెల్లగా లాగండి. రబ్బరు తిరిగే వలయం చిన్నదవుతుంది, కానీ అది ఇంకా జోరుగా తిరుగుతుంది. మీ చేతికి లాగుడు కూడా ఎక్కువగా తెలుస్తుంది. ద్రవ్యరాశి, వేగం, దూరం, ఈ మూడింటి లబ్ధాన్ని కోణీయ ద్రవ్యవేగం అంటారు. బయటి నుంచి తిప్పే బలం లేకపోతే అది మారదు. దూరం సగమైతే వేగం రెట్టింపు కావాల్సిందే.

ఇప్పుడు లెక్క చూడండి. వలయంలో తిరగడానికి కావలసిన బలం వేగపు వర్గాన్ని దూరంతో భాగిస్తే వచ్చేదానికి అనులోమంగా ఉంటుంది. దూరం సగమైతే వేగం రెట్టింపు, దాని వర్గం 4 రెట్లు, సగం దూరంతో భాగిస్తే 8 రెట్లు. మరి గురుత్వాకర్షణ ఎంత పెరిగింది? దూరం సగమైతే 4 రెట్లే. అంటే కావలసింది 8 రెట్లు, ఉన్నది 4 రెట్లు! ఆకర్షణ పెరుగుతూనే ఉన్నా, తిరుగుడు దాన్ని మించి పోతోంది. వాయువు ఇక లోపలికి పోలేక ఒక వలయంలో నిలిచిపోయి అక్కడే చుట్టూ తిరుగుతుంది. కృష్ణబిలం ఎంత పెద్దదైనా ఈ లెక్క ముందు ఆగవలసిందే.

ఇలా వచ్చి చేరిన వాయువంతా బిలం చుట్టూ పలుచని పళ్లెంలా పరుచుకుంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని 'అక్రీషన్ డిస్క్' అంటారు. 'చేరిక చక్రం' అనుకుంటే మనకు సులువు.

లోపలికి దారి ఇచ్చేది ఘర్షణ

అలాగైతే ఏదీ ఎప్పటికీ పడకూడదు కదా? ఇక్కడ స్కైలాబ్‌ను గుర్తు చేసుకోండి. అది ఆరేళ్లు భూమి చుట్టూ తిరిగింది. ఎవరూ దాన్ని కిందికి తొయ్యలేదు. అంత ఎత్తులో కూడా గాలి కొద్దిగా ఉంటుంది. ఆ గాలి రాపిడికి అది కోణీయ ద్రవ్యవేగాన్ని కొంచెం కొంచెంగా పోగొట్టుకుంది. వలయం చిన్నదవుతూ వచ్చింది. చిత్రమేమిటంటే, అలా కిందికి దిగేకొద్దీ దాని వేగం తగ్గలేదు, పెరిగింది. చివరికి దట్టమైన గాలిలోకి వచ్చి, వేడెక్కి, మండుతూ ముక్కలైంది. తిరిగే వస్తువు పడాలంటే ముందు తన తిరుగుడును ఎవరికైనా ఇచ్చేయాలి. ఇది సూత్రం.

చేరిక చక్రంలో ఆ తిరుగుడును ఎవరికిస్తుంది? పక్కనున్న వలయానికి. బుధుడు 88 రోజుల్లో సూర్యుణ్ణి చుట్టి వస్తే భూమికి 365 రోజులు పడుతుంది. లోపలి వలయం ఎప్పుడూ జోరుగా, బయటిది నిదానంగా తిరుగుతాయి. చక్రంలో ఈ వలయాలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. లోపలిది బయటిదాన్ని ముందుకు తోస్తుంది, బయటిది లోపలిదాన్ని వెనక్కి లాగుతుంది. లోపలిది తన కోణీయ ద్రవ్యవేగాన్ని కోల్పోయి మరి కాస్త లోపలికి జారుతుంది. దాన్ని అందుకున్న బయటిది మరి కాస్త బయటికి జరుగుతుంది. అంటే కొంత పదార్థం లోపలికి పోవాలంటే కొంత పదార్థం ఆ తిరుగుడును మోసుకుని బయటికి పోవాలి.

ఈ రాపిడి ఎలా వస్తుందన్నది శాస్త్రజ్ఞులను చాలా ఏళ్లు వేధించింది. చక్రంలోని వాయువు పలుచనిది, మామూలు జిగట ఏమాత్రం చాలదు. 1973లో షకూరా, సున్యాయెవ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞులు ఆ రాపిడి బలం ఎంతో తెలియకపోయినా దానికి 'ఆల్ఫా' అనే అక్షరం పెట్టి, మిగతా చక్రం లెక్కంతా కట్టేశారు. తెలియనిదాన్ని దాచిపెట్టకుండా దానికొక అక్షరం ఇచ్చి ముందుకు పోవడం ఎంత నిజాయితీ గల పద్ధతో చూడండి! ఆల్ఫా వెనకున్న కారణం 1991లో బల్బస్, హాలీ అనే ఇద్దరు చూపించారు. చక్రంలోని అయస్కాంత బలరేఖలు లోపలి వలయాన్నీ బయటి వలయాన్నీ రబ్బరు తాళ్లలా కట్టి ఉంచుతాయి. లోపలిది ముందుకు పరిగెత్తితే తాడు సాగుతుంది, లోపలిదాన్ని వెనక్కి, బయటిదాన్ని ముందుకు లాగుతుంది. దాంతో వాయువంతా కల్లోలమవుతుంది. తిరిగే ద్రవాల్లో అయస్కాంత క్షేత్రం వల్ల ఇలాంటి అస్థిరత వస్తుందని 1959లో వెలిఖోవ్, 1960లో మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్క కట్టే ఉంచారు. 1983లో నోబెల్ బహుమతి అందుకున్న ఆ చంద్రశేఖరే. ఆయన లెక్క కృష్ణబిలాలకు పనికొస్తుందని తెలియడానికి మరో 30 ఏళ్లు పట్టింది.

ఒక కిలో పదార్థం, 184 టీఎంసీల నీళ్లు

రాపిడి ఉన్నచోట వేడి పుడుతుంది. అరచేతులు రుద్దుకుంటే మీకే తెలుస్తుంది. చక్రంలో ఎంత వేడి పుడుతుందో మా విజయపురి సౌత్ పిల్లలకు అర్థమయ్యే లెక్కలో చెబుతాను.

నాగార్జునసాగర్ దగ్గర కరెంటు ఎలా పుడుతుంది? ఎత్తునున్న నీళ్లు కిందికి పడతాయి, పడేటప్పుడు స్థితిశక్తి చేజారుతుంది, దాన్ని టర్బైను పట్టుకుంటుంది. ఒక కిలో నీళ్లు 100 మీటర్ల ఎత్తు నుంచి పడితే సుమారు 980 జౌళ్ల శక్తి వస్తుంది. ఒక కిలో మంచి బొగ్గు కాలిస్తే దాదాపు 2 కోట్ల జౌళ్లు వస్తుంది. సూర్యుడిలో జరిగినట్టు ఒక కిలో హైడ్రోజన్ హీలియంగా మారితే, దాని ద్రవ్యరాశిలో 0.7 శాతం శక్తిగా మారుతుంది. అంటే సుమారు 630 లక్షల కోట్ల జౌళ్లు. మరి ఒక కిలో వాయువు చేరిక చక్రంలో జారుతూ కృష్ణబిలం అంచుదాకా వస్తే? బిలం తన చుట్టూ తాను తిరగనిదైతే 5.7 శాతం, అతి జోరుగా తిరిగేదైతే 42 శాతం దాకా శక్తిగా బయటికి రాగలదు. తక్కువదే తీసుకుందాం. 5,100 లక్షల కోట్ల జౌళ్లు!

అంత శక్తి 100 మీటర్ల నుంచి పడే నీళ్ల వల్ల రావాలంటే ఎన్ని నీళ్లు కావాలి? ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల కిలోల నీళ్లు. భాగించి చూడండి. దాదాపు 184 టీఎంసీలు వస్తుంది. సాగర్ జలాశయం నిండితే ఉండేది 312 టీఎంసీలు. అంటే సగం జలాశయం కంటే ఎక్కువ నీళ్లు పడితే వచ్చే శక్తి అక్కడ ఒక్క కిలో పదార్థం నుంచి వస్తుంది. ఇంకోలా చెప్పాలంటే, 90 మెగావాట్ల మన కుడి కాలువ విద్యుత్ కేంద్రం ఒక్క క్షణం ఆగకుండా ఏడాదిన్నరకు పైగా నడిస్తే వచ్చే శక్తి అది. రెండుచోట్లా జరిగేది ఒకటే: పైనున్నది కిందికి పడుతోంది, శక్తి బయటికి వస్తోంది. తేడా లోతులోనే ఉంది.

ఈ వేడికి చక్రం లోపలి అంచు కోటి డిగ్రీల దరిదాపులకు పోతుంది. అంత వేడిగా ఉన్న వస్తువు ఎర్రగానో తెల్లగానో కాదు, ఎక్స్‌కిరణాలతో వెలుగుతుంది. నక్షత్ర వీధుల మధ్యలో కోట్ల సూర్యుల బరువుండే పెద్ద కృష్ణబిలాలున్నాయి. వాటి చుట్టూ ఉన్న చక్రాలు వెలిగితే ఆ ఒక్క చక్రమే నక్షత్ర వీధి మొత్తాన్ని మించి వెలుగుతుంది. అవే క్వాజార్లు. 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసిన మొదటి కృష్ణబిలం చిత్రం గుర్తుందా? అందులో కనిపించిన నారింజ రంగు వలయం బిలం కాదు, దాని చుట్టూ తిరిగే వేడి పదార్థపు వెలుగు. కృష్ణ అంటే నలుపు. ఆ నల్లని బిలాన్ని మనకు పట్టిచ్చింది ఈ వెలుగే. పదార్థం ఏ రాపిడీ లేకుండా నిటారుగా పడిపోతూ ఉంటే ఆ చోటంతా దాదాపు చీకటిగానే ఉండేది.

చివరి వలయం, శ్రీహరికోట సాక్ష్యం

ఇక 'మింగడం' అన్న మాటలో ఉన్న నిజం చెబుతాను. ఒక హద్దు తర్వాత వలయంలో తిరగడం కుదరదు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం, 10 సూర్యుల బరువుండి తన చుట్టూ తాను తిరగని కృష్ణబిలానికి అంచు 30 కిలోమీటర్ల దగ్గర ఉంటే, నిలకడైన చివరి వలయం 90 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ పదార్థం సెకనుకు సుమారు 220 చుట్లు తిరుగుతుంది! ఆ వలయం దాటితే ఇక రాపిడి సాయం అక్కర్లేదు. క్షణంలో లోపలికి పోతుంది, తిరిగి రాదు.

అలా పోయిందని మనకెలా తెలుస్తుంది? ఇక్కడ మన రాష్ట్రం ప్రస్తావన వస్తుంది. ఎక్స్‌కిరణాలను గాలి ఆపేస్తుంది కాబట్టి పరికరాలను పైకి పంపాలి. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు 1968లోనే హైదరాబాద్ నుంచి బెలూన్లలో అలాంటి పరికరాలు పంపారు. 1996 మార్చి 21న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఐఆర్‌ఎస్-పి3 ఉపగ్రహంలో ఒక చిన్న ఎక్స్‌కిరణ పరికరాన్ని అమర్చారు. గరుడ నక్షత్ర మండలంలో, అంటే మన శ్రవణ నక్షత్రం ఉన్న మండలంలో, 'జీఆర్‌ఎస్ 1915+105' అనే కృష్ణబిలం ఉంది. 1997లో ఆ పరికరం దాన్ని గమనించింది. ఎక్స్‌కిరణాల వెలుగు మెల్లగా పెరగడం, ఉన్నట్టుండి పడిపోవడం, మళ్లీ మెల్లగా పెరగడం, ఇలా పదే పదే జరిగింది. చక్రం లోపలి భాగం మెల్లగా నిండి, ఆ తర్వాత ఒక్కసారిగా బిలంలోకి ఖాళీ అవుతున్నదనడానికి ఇది సాక్ష్యం కావచ్చని మన శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించారు. 'కావచ్చు' అన్న మాట వాళ్లదే. ఆ పదార్థంలో కొంత చిమ్మనగొట్టంలా బయటికి చిమ్మిపోతుందనడానికి కూడా ఆధారాలున్నాయి.

ఆ వాదన ఎలా సాగుతుందో చూడండి. మన కాలువల సంగతి మీకు తెలుసు. హెడ్ రెగ్యులేటర్ దగ్గర ఇన్ని నీళ్లు వదిలారు, చివరి భూములకు ఇన్నే వచ్చాయి, మధ్యలో మిగతావి ఏమయ్యాయి అని రైతులు అడుగుతారు. ఆవిరి ఎంత, ఇంకింది ఎంత, పై రైతులు మళ్లించుకున్నది ఎంత అని లెక్క చూస్తారు. నీళ్లు ఊరికే మాయం కావని అందరికీ తెలుసు. కృష్ణబిలం దగ్గర కూడా అదే లెక్క. పడే పదార్థం ఒక గట్టి నేల మీద పడితే, న్యూట్రాన్ నక్షత్రం మీద పడినట్టు, ఢీకొని వేడెక్కి చివరి శక్తి కూడా వెలుగుగా బయటికి రావాలి. ఇక్కడ అది రావడం లేదంటే అక్కడ నేల అనేదే లేదన్నమాట. జమాఖర్చు చూసి, తేలిన లోటును బట్టి కనపడని బిలం గురించి చెబుతున్నారు.

ఆ తర్వాత 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ శ్రీహరికోట నుంచే వెళ్లాయి. కృష్ణబిలాల చక్రాలను చదవడం వాటి ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఇది ఎక్కడో పరదేశంలో జరిగే చదువు అనుకోవద్దు.

సిలబస్‌లో లేదుగా?

నా అభిప్రాయానికి ఎదురు చెప్పేవాళ్లున్నారు. "పిల్లలకు ఆసక్తి కలగాలంటే కాస్త భయం, కాస్త వింత ఉండాలి. మింగే భూతం అంటేనే చెవులు నిక్కబొడుచుకుంటారు" అంటారు తోటి ఉపాధ్యాయులు కొందరు. చెవులు నిక్కబొడుచుకోవడం మంచిదే. ఆ తర్వాత మనం ఏం చెబుతున్నామన్నదే ప్రశ్న. భూతం అని చెప్పి ఊరుకుంటే, రేపు ఇంకెవరో వచ్చి అదే భూతం పేరు చెప్పి భయపెట్టి లాభపడతారు. స్కైలాబ్ నాడు జరిగింది అదే, 2008లో జరిగింది అదే.

"ఇదంతా సిలబస్‌లో లేదు, మార్కులు రావు" అని మరికొందరంటారు. పైన చెప్పినదాన్ని ఇంకోసారి చూడండి. న్యూటన్ గురుత్వాకర్షణ, వృత్తాకార చలనం, స్థితిశక్తి, ఘర్షణ, అయస్కాంత బలరేఖలు. వీటిలో బడి చదువులో లేనిది ఏది? కోణీయ ద్రవ్యవేగం ఒక్కటే కొత్త, దానికి పెన్ను గొట్టం చాలు. సిలబస్‌లో లేనిది కృష్ణబిలం పేరు మాత్రమే. నేర్చుకున్నదాన్ని నేర్చుకోని చోట వాడి చూడకపోతే, అసలు నేర్చుకున్నామో లేదో ఎలా తెలుస్తుంది? గైడు చూసి బట్టీ పట్టిన పిల్లవాడు సాగర్ టర్బైను గురించీ రాయగలడు, కృష్ణబిలం గురించీ రాయగలడు. రెండూ ఒకే సంగతి అని మాత్రం చెప్పలేడు. ఆ ఒక్కటీ చెప్పగలగడమే సైన్సు చదువు అని నేననుకుంటాను.

అందుకని మీకు నా సలహా ఒకటి. ఏ వింత గురించి విన్నా, చదివినా, ఎవరైనా భయపెట్టినా, మూడు ప్రశ్నలు వేయండి. ఎంత వచ్చింది? ఎంత పోయింది? పోయింది ఎక్కడికి పోయింది? పదార్థానికీ, శక్తికీ, తిరుగుడుకూ ఈ మూడు ప్రశ్నలూ వర్తిస్తాయి. జవాబు చెప్పలేనివాళ్ల మాట నమ్మి కోళ్లను కోసుకోనక్కర్లేదు.

చివరగా ఇంకొక్క మాట. చేరిక చక్రాలు కృష్ణబిలాల చుట్టే ఉంటాయనుకోవద్దు. సుమారు 460 కోట్ల ఏళ్ల కిందట మన సూర్యుడు పుట్టినప్పుడు అతని చుట్టూ కూడా ఇలాంటి చక్రమే ఉండేది. దాంట్లో పదార్థం చాలావరకు లోపలికి జారి సూర్యుడిలో కలిసిపోయింది. తిరుగుడును అందుకుని బయట మిగిలిన కొద్ది పదార్థం గ్రహాలైంది. ఇవాళ సౌర కుటుంబపు ద్రవ్యరాశిలో 99 శాతానికి పైగా సూర్యుడిలోనే ఉంది. కోణీయ ద్రవ్యవేగంలో ఎక్కువ భాగం మాత్రం గ్రహాల దగ్గర ఉంది. పడడం అంత తేలికైతే ఆ కొద్ది పదార్థం కూడా సూర్యుడిలో పడిపోయేది. భూమీ ఉండేది కాదు, కృష్ణా నదీ ఉండేది కాదు, కృష్ణబిలం గురించి అడగడానికి మీరూ ఉండేవాళ్లు కాదు.